స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ విరగకుండా ఊడదీయడం ఎలా? ఒకసారి ప్రయత్నించి భయపడి ఆపేశా

వెనకసీటు:

నమస్కారం అండీ. నా కారుకి పదకొండేళ్లు. ఇంజనుకి ఏ రోగమూ లేదు. కానీ రోడ్డు కాస్త గతుకులుగా ఉంటే చాలు, స్టీరియోకీ ఎడమ పక్క ఏసీ గ్రిల్‌కీ నడుమ ఎక్కడో కిర్రు కిర్రుమని మొదలవుతుంది. ప్యానెల్ అంచుని వేలితో నొక్కిపడితే ఆగుతుంది, వేలు తీస్తే మళ్లీ మామూలే. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో డ్యాష్‌బోర్డు పట్టుకుని ఎన్నాళ్లని నడపను?

పోయిన ఆదివారం పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, ధైర్యం చేశా. వీడియోలో ఆయనెవరో రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ప్యానెల్ ఊడి వచ్చేసింది. నేను ఫ్లాట్ స్క్రూడ్రైవర్ కింది సందులో పెట్టి లేపా. కింది అంచు టప్‌మని వేలు మందం బయటికొచ్చింది. పై అంచు మాత్రం సిమెంటు పోసినట్టు కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టేసరికి మూల దగ్గర నల్లటి ప్లాస్టిక్ మీద తెల్లటి గీత ఒకటి పాకింది. గుండె జారిపోయి, మళ్లీ లోపలికి నెట్టేశా. స్క్రూడ్రైవర్ పెట్టిన చోట బియ్యపు గింజంత నొక్కు. చప్పుడేమో ఇదివరకటికంటే పెరిగింది.

నా అనుమానాలు ఇవి. వీడియోలో అంత సులువుగా వచ్చింది నాకెందుకు రాలేదు? బ్యాటరీ తీయాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు, ఏది నిజం? ఆ తెల్ల గీత ఇక పోదా? మాన్యువల్ గేరు కారే. స్టీరియో కంపెనీది కాదు, నేను కొనకముందే ఎవరో మార్చారు.

పాతచక్రం:

మధ్యలో ఆపడమే మీరు చేసిన మంచి పని. కింద వచ్చి పైన రాలేదంటే పైన స్క్రూ అయినా ఉండాలి, పై అంచు ఇంకో ప్యానెల్ కింద దూరి అయినా ఉండాలి. నా పాత కారులో గ్రిల్ లోపలే ఒక స్క్రూ ఉండేది, టార్చి వేస్తే తప్ప కనపడదు. నేను చూడకుండా లాగి గ్రిల్ చెవి విరగ్గొట్టుకున్నా. మిగతాది తీగలమేస్త్రి గారు చెప్పాలి, ఆయనకి ఇది రోజూ ఉండే పని.

తీగలమేస్త్రి:

వెనకసీటు గారూ, నేను కార్లలో వైరింగ్ చేస్తా. స్టీరియో, కెమెరా, అలారం, ఏది పెట్టాలన్నా ముందు ప్యానెల్ ఊడాలి. మొదటి ఏడాదిలో నేను విరగ్గొట్టినవన్నీ చెప్తే నన్ను ఇంకెవరూ పిలవరు. కాబట్టి పుస్తకంలో ఉన్నది కాదు, చేతికి తగిలి నేర్చుకున్నదే చెప్తా.

ముందు మీ మొదటి ప్రశ్న. ఫ్యాక్టరీలో చివర బిగించిన ముక్క ఏదో, మీరు మొదట తీయాల్సింది అది. డ్యాష్‌బోర్డుని తాటాకు కప్పులా అనుకోండి, ఒకదాని అంచు ఇంకోదాని కింద దూరి ఉంటుంది. టార్చి పట్టుకుని సందుల వెంబడి చూడండి. ఏ ముక్క పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది కళ్లకి కనపడుతుంది. మీ ప్యానెల్ పై అంచు బహుశా మీటరు చుట్టూ ఉన్న ముక్క కిందో, పై గ్రిల్ కిందో ఉండి ఉంటుంది. అది తీయకుండా దీన్ని లాగితే ఏనుగొచ్చి లాగినా విరగడమే తప్ప ఊడదు. వీడియో ఆయన ఆ పైముక్కని కెమెరా పెట్టకముందే తీసేసి ఉంటాడు. లేదా ఆయనది ఇంకో మోడల్.

తర్వాత స్క్రూలు. దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. తలుపు తెరిస్తే డ్యాష్‌బోర్డు పక్కన కనిపించే మూత వెనక. చిల్లర వేసుకునే అర అడుగున రబ్బరు మ్యాట్ ఉంటుంది చూడండి, దాని కింద. మీటరు పైన గొడుగులా ఉంటుందే, దాని లోపలి కప్పుకి రెండు. ఇవి సీట్లో కూర్చుంటే కనపడవు, స్టీరింగుని బాగా కిందికి దించి, తల సీటు మీద వాల్చి పైకి చూస్తే కనపడతాయి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించే హజార్డ్ స్విచ్చు వెనక. గ్లవ్ బాక్సు దించితే దాని పైన. ఎక్కువగా ప్లస్ గుర్తు తల ఉన్న స్టార్ స్క్రూలే, కొన్ని కార్లలో తలలో ఆరు మొనల గుంట ఉండే టీ20 టార్క్స్. ఒక్క స్క్రూ మిగిలినా మీరు పెట్టే బలమంతా దాని చుట్టూ ఉన్న నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మీదే పడుతుంది. మీకు తెల్ల గీత వచ్చింది అందుకే అనుకుంటున్నా.

ఇప్పుడు క్లిప్పు సంగతి. ఇది అర్థమైతే మిగతా పని చేతులే చేసుకుంటాయి. ప్యానెల్ వెనక చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు యు ఆకారంలో సన్నటి ఉక్కు క్లిప్పు తొడిగి ఉంటుంది. ఆ క్లిప్పుకి రెండు పక్కలా రెక్కలు. డ్యాష్‌లో ఉన్న గాడిలోకి నెట్టినప్పుడు రెక్కలు ముడుచుకుని, లోపలికెళ్లాక విచ్చుకుంటాయి. నిటారుగా, అంటే ప్యానెల్ ముఖం ఎటు చూస్తోందో అటే లాగితే రెండు రెక్కలూ ఒకేసారి ముడుచుకుని వచ్చేస్తాయి. ఏటవాలుగా లాగితే ఒక రెక్క ముడుచుకుంటుంది, రెండోది గాడిలో తన్నిపెట్టుకుంటుంది. ఉక్కు వంగదు, ప్లాస్టిక్ నాలుక పుటుక్కుమంటుంది. అందుకే ప్యానెల్‌ని తలుపు తీసినట్టు ఒక వైపు నుంచి బాగా తెరవకూడదు. ఒక క్లిప్పు దగ్గర కాస్త, పక్క క్లిప్పు దగ్గర కాస్త, అలా చుట్టూ తిరుగుతూ రావాలి. ప్యానెల్ నడుమ పట్టుకుని లాగడం కూడా తప్పే, అక్కడ క్లిప్పు ఉండదు, ప్యానెల్ విల్లులా వంగుతుంది.

చెవి కూడా పనిముట్టే. టప్ అని బరువుగా వస్తే క్లిప్పు వదిలినట్టు. చిట్ అని సన్నగా వస్తే ప్లాస్టిక్ చీలుతున్నట్టు. రెండోది వినపడిన క్షణం చేతులు తీసేయండి.

స్క్రూడ్రైవర్ పెట్టెలో పడేయండి. నైలాన్ ప్రై టూల్స్, అంటే ప్యానెల్ లేపే ప్లాస్టిక్ బద్దలు, సెట్టుగా దొరుకుతాయి, వెడల్పాటిది ఒకటి, సన్నటిది ఒకటి ఉంటే చాలు. టూల్ ఆనించే పక్క ప్యానెల్ మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించండి. నొక్కు ఎప్పుడూ మీరు తీస్తున్న ముక్కకి కాదు, టూల్ ఆనిన పక్క ముక్కకే పడుతుంది. కింది అంచున, కంటికి ఆనని చోట మొదలుపెట్టండి. సందు కాస్త తెరుచుకోగానే టూల్ పక్కనపెట్టి వేళ్లు దూర్చండి. వేళ్లకి తెలిసినంత టూల్‌కి తెలియదు. గేరు లివర్ మీదా, కన్సోల్ మీదా పాత టవల్ పరవండి. పియానో బ్లాక్ అని మెరిసే ప్లాస్టిక్ ఉంటే దాన్ని చూపుతో కూడా గీయొచ్చు, మైక్రోఫైబర్ గుడ్డ తప్ప ఏదీ తాకనివ్వొద్దు.

మంచు పొద్దున పని పెట్టుకున్నారు, అది రెండో తప్పు. చలికి ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది. కారుని ఓ గంట ఎండలో ఉంచండి, లేదా హీటరు వేసి లోపల వెచ్చబడ్డాక చేయండి. కుదరకపోతే హెయిర్ డ్రయ్యర్, జానెడు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ. ప్యానెల్ చేతికి గోరువెచ్చగా తగిలితే చాలు. హీట్ గన్ వద్దు, పైన ఉన్న గరుకుతనం కరిగి నున్నగా మెరుస్తుంది, ఆ మరక జన్మలో పోదు. మీ తెల్ల గీతకీ హెయిర్ డ్రయ్యరే మందు. ప్లాస్టిక్ లోపల లాగబడి తెల్లబడింది, వేడి తగిలితే చాలావరకు నలుపు తిరిగొస్తుంది. బియ్యపు గింజ మాత్రం ఉండిపోతుంది.

బ్యాటరీ విషయంలో నేను వాదనకి దిగను, తీస్తాను, అంతే. కానీ అంతకుముందు చేయాల్సినవి ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు వేయండి. స్టీరింగు కిందికి దించండి. మీది మాన్యువల్ కాబట్టి రెండో గేరులోనో నాలుగో గేరులోనో పెడితే లివర్ వెనక్కి వచ్చి చోటిస్తుంది. ఇది చదివే ఆటోమేటిక్ వాళ్లకి: కరెంటు ఉండగానే బ్రేకు తొక్కి లివర్ కిందికి దించుకోండి, బ్యాటరీ తీశాక అది కదలదు. మీ స్టీరియో కోడ్ అడిగే రకమైతే కోడ్ చేతిలో ఉంచుకోండి. అప్పుడు 10 నంబర్ పానాతో నెగటివ్ తీగ విప్పి పక్కకి కట్టేయండి. వెంటనే చెయ్యి పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో ప్రమాదంలో బ్యాటరీ తెగినా పనిచేయడానికి కెపాసిటర్‌లో కాస్త కరెంటు దాచి ఉంటుంది. కొన్ని మాన్యువల్స్‌లో 90 సెకన్లు ఆగమంటారు, కొన్నింట్లో 3 నిమిషాలు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. మీ కారు మాన్యువల్ ఎంతంటే అంత. నేను ఏ కారైనా 10 నిమిషాలకి తక్కువ ఆగను, ఆ టైములో స్క్రూలు వెతుక్కుంటా. పసుపు రంగు కప్లర్ (తీగల్ని కలిపే ప్లగ్గు) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ఊడదీయొద్దు, మల్టీమీటర్ పెట్టొద్దు. అది ఊడి ఉండగా తాళం తిప్పితే మీటర్లో ఎర్ర దీపం వెలుగుతుంది, చాలా కార్లలో తర్వాత స్కానర్ పెడితే గానీ ఆరదు.

ప్యానెల్ వచ్చాక సంతోషంతో ముందుకి లాగేయకండి. హజార్డ్ స్విచ్చు తీగ జానెడే ఉంటుంది. ప్యానెల్‌ని తిప్పి, కప్లర్ మీద ఉన్న లాకుని గోటితో నొక్కి, కప్లర్‌ని పట్టుకుని లాగాలి, తీగల్ని కాదు. విప్పేముందు ఒక ఫోటో.

వెనక్కి పెట్టేటప్పుడు ముందు క్లిప్పులు లెక్కపెట్టండి. కొన్ని డ్యాష్ గాడిలోనే ఉండిపోతాయి. వాటిని నోస్ ప్లేయర్‌తో తీసి ప్యానెల్ నాలుకకి తొడగాలి. గాడిలో వదిలేసి ప్యానెల్ నొక్కితే లోపలికి పడి ఏసీ గొట్టం పక్కన జీవితాంతం గలగలమంటూ ఉంటుంది. వదులైన క్లిప్పు రెక్కల్ని ప్లేయర్‌తో వెంట్రుకవాసి బయటికి విప్పండి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూని నేరుగా బిగించకండి, ముందు వెనక్కి తిప్పండి. పాత మరలో పడగానే చిన్నగా దిగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు బిగించాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసి, మూడోసారికి రంధ్రం గుల్లవుతుంది.

చప్పుడు పోవాలంటే రెండు ప్లాస్టిక్‌లు రాసుకునే చోట, అక్కడ తళతళలాడే అరిగిన గుర్తు కనపడుతుంది, ఫెల్ట్ టేప్ అంటించండి. స్పాంజి టేప్ మందం ఎక్కువ, ప్యానెల్ సరిగ్గా కూర్చోదు.

నిమిషంలోపని:

ఇంత పని దేనికండీ? సందులో సిలికాన్ స్ప్రే కొడితే కిర్రుమనడం ఆగిపోతుంది. నేను ఏడాదిగా అదే చేస్తున్నా.

తీగలమేస్త్రి:

ఏడాదిగా చేస్తున్నారంటే ఆగలేదనే కదా అర్థం. చప్పుడు ఆగినన్నాళ్లూ ఆగుతుంది, దుమ్ము పట్టాక మళ్లీ వస్తుంది. స్విచ్చుల్లోకి పోతే కాంటాక్టులు పాడవుతాయి, ముందు అద్దం మీద పడితే వానలో వైపర్ వేసినప్పుడు మసక మసక. ఫెల్ట్ మీద కాస్త రాయాలనుకుంటే చేత్తో రాయండి, డబ్బాతో కొట్టొద్దు.

వెనకసీటు:

చేశానండీ! మధ్యాహ్నం ఎండలో, అద్దాలు ఎత్తేసి గంటసేపు ఉంచి మొదలుపెట్టా. మీరన్నట్టు సీట్లో తల వాల్చి చూస్తే మీటరు గొడుగు కప్పులో రెండు స్క్రూలు, పక్కనే పలకరిస్తున్నట్టు ఉన్నాయి. పదకొండేళ్లుగా వాటి కింద కూర్చుని నడుపుతున్నా, ఒక్కసారీ చూడలేదు. అవి తీసి ఆ ముక్క లాగితే, నా ప్యానెల్ పై అంచున ఇంకో రెండు స్క్రూలు. అంటే మొన్న నేను ఆ రెండు స్క్రూలతో కుస్తీ పట్టా.

అవి తీశాక నైలాన్ ముక్కతో కింద మొదలుపెట్టి చుట్టూ వచ్చా. టప్, టప్, టప్. ఆ చప్పుడు వింటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఐదో టప్‌కి భార్య బయటికొచ్చి ఏం విరిగిందని అడిగింది.

ప్యానెల్ తిప్పి చూస్తే అసలు కథ బయటపడింది. క్లిప్పులకి ఏడు చోట్లున్నాయి, ఆరే ఉన్నాయి. ఏడోది, కరెక్టుగా నేను వేలు పెట్టి నొక్కే చోట, నాలుక మొదలంటా విరిగి ఉంది. విరిగిన ముక్కని ఎవరో బంకతో అంటించారు. బంక గాజు పెంకులా గట్టిపడి, చుట్టూ తెల్లటి బూజులా పట్టి, ముట్టుకుంటే ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. దాని క్లిప్పు డ్యాష్ గాడిలోనే వంకరగా ఇరుక్కుని ఉంది. నాకంటే ముందు స్టీరియో మార్చినవాళ్లు ఎవరో నాలాగే స్క్రూలు చూడకుండా లాగారన్నమాట. ఇన్నాళ్లూ నేను విన్నది వాళ్ల తొందరపాటు చప్పుడు.

తెల్ల గీత హెయిర్ డ్రయ్యర్‌కి మూడొంతులు పోయింది. మిగిలింది నాకు తప్ప ఎవరికీ కనపడదు.

ఒక్కటి చెప్పండి. ఆ నాలుకని నేను మళ్లీ అంటించాలా? నా దగ్గర సూపర్ గ్లూ ఉంది, ఎపాక్సీ ఉంది. ప్యానెల్ ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది, ఇంట్లో మాట పడుతున్నా.

తీగలమేస్త్రి:

బాగా చేశారు. అంటించే ముందు ప్యానెల్ వెనక చూడండి, రెండు బాణం మూతుల మధ్య అక్షరాలు అచ్చయి ఉంటాయి. అది ఏ ప్లాస్టికో చెప్పే గుర్తు. ఏబీఎస్ అని గానీ, పీసీ ప్లస్ ఏబీఎస్ అని గానీ ఉంటే ఎపాక్సీ పట్టుకుంటుంది. రెండు ముఖాలూ గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి పెట్టండి. ఉత్త ఏబీఎస్ అయితే అసిటోన్‌లో అదే ప్లాస్టిక్ పొడి కరిగించి పేస్టులా పూసినా అతుక్కుంటుంది, కాకపోతే అసిటోన్ చుక్క ముందు వైపు పడిందో ఆ మెరుపు పోయినట్టే. పీపీ అని ఉంటే, పక్కన టీడీ20 లాంటిదేదైనా ఉన్నా సరే (అది ప్లాస్టిక్‌లో కలిపిన టాల్క్ పొడి శాతం), ఏ మామూలు బంకా దాన్ని పట్టుకోదు, అసిటోన్ దాన్ని కరిగించదు. మీకు ముందు అంటించినవాళ్ల బంక ఊడిందంటే మీది పీపీయే అని నా అనుమానం. ఆ తెల్ల బూజు సూపర్ గ్లూ ఆవిరిది.

పీపీ అయితే ఇలా చేయండి. సన్నటి స్టీలు జల్లెడ ముక్క గోరంత కత్తిరించి, విరిగిన చోట అడ్డంగా పెట్టి, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్‌తో నొక్కుతూ ప్లాస్టిక్‌లోకి దించండి. కిటికీలు తీసి ఉంచండి, పొగ పీల్చకండి. ప్యానెల్ మందం రెండు మూడు మిల్లీమీటర్లే, ఐరన్ ఎక్కువసేపు ఆగితే ముందు వైపు పొక్కు వస్తుంది. చెత్త ప్లాస్టిక్ ముక్క మీద ఒకటికి రెండుసార్లు చేసి చూసుకోండి. చేతిలో నమ్మకం లేకపోతే వదిలేయండి. ఆరు క్లిప్పులు బాగా బిగిస్తే ప్యానెల్ ఎక్కడికీ పోదు, ఏడో చోట ఫెల్ట్ రెండు పొరలు పెడితే చప్పుడూ ఉండదు. నా సొంత కారులో ఒకటి అలాగే ఉంది, ఎక్కడుందో చెప్పను.

గాడిలో వంకరగా ఉన్న ఆ క్లిప్పుని మాత్రం తీసేయండి. తీసేముందు దాని కింద ఉన్న సందుల్లో గుడ్డ కుక్కండి.

వెనకసీటు:

పీపీ అనే ఉందండీ, మీ అనుమానం నిజమే. సోల్డరింగ్ ఐరన్ జోలికి పోలేదు, ఫెల్ట్ రెండు పొరలు పెట్టా. గుడ్డ కుక్కమన్నారు కాబట్టి బతికా, క్లిప్పు జారి సరిగ్గా దాని మీదే పడింది. స్క్రూలు వెనక్కి తిప్పి బిగించా, ఆ చిన్న దిగుడు నిజంగానే చేతికి తెలుస్తోంది. బ్యాటరీ పెట్టాక డ్రైవరు వైపు అద్దం ఆటోమేటిక్‌గా పైకి వెళ్లడం మానేసింది. బటన్ పైకెత్తి కాసేపు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది.

గతుకుల రోడ్డు మీద రెండుసార్లు తిరిగా. మధ్యలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు ఎడమ పక్క ముందు అద్దం స్తంభం దగ్గర టిక్ టిక్‌మని ఇంకోటి వినిపిస్తోంది. ఇన్నాళ్లూ దీని చాటున దాక్కున్నట్టుంది. ఆ స్తంభం మీద ముక్క కూడా ఇలాగే లాగేయనా?

తీగలమేస్త్రి:

ఆగండి ఆగండి. దాని మీద ఎక్కడైనా ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉందేమో చూడండి. ఉంటే దాని వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే పక్క అద్దాల మీదికి తెరలా దిగే బ్యాగు, ఉంది. ఆ ముక్కని పట్టి ఉంచేవి మామూలు క్లిప్పులు కావు, బ్యాగు పేలినప్పుడు ముక్క ఎగిరి మొహానికి తగలకుండా తాడులా పట్టే రకం. చాలా కార్లలో అవి ఒక్కసారికే, తీస్తే కొత్తవి వేయాలి. అవే మళ్లీ నొక్కి పెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, పేలిన రోజు తెలుస్తుంది. మీ మోడల్ నంబర్‌కి సరిపోయే కొత్త క్లిప్పులు చేతిలోకి వచ్చాకే దాని మీద చెయ్యి వేయండి. ఈలోగా స్తంభానికీ తలుపు రబ్బరుకీ మధ్య ఎండుటాకు ఏదైనా ఇరుక్కుందేమో వేలు పెట్టి చూడండి, నేను సగం టిక్ టిక్‌లు అక్కడే పట్టుకున్నా.

వెనకసీటు:

అచ్చు ఉందండీ, చిన్న అక్షరాల్లో. రబ్బరు వెనక ఆకు లేదు, ఎండిన కందిరీగ గూడు ఉంది. గీకేశా, టిక్ టిక్ సగం తగ్గింది. మిగతా సగానికి క్లిప్పులు ఆర్డరు పెట్టా. అవి వచ్చేదాకా పాటల సౌండు ఒక గీత పెంచుకుని నడుపుతా.